ఫిట్‌నెస్ బ్యాండ్ కొనమంటారా, వద్దంటారా?

ప్రశ్న: నా వయసు యాభై నాలుగు. ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను. చాలా ఏళ్లుగా షుగరుకు, ఈ మధ్య బీపీకి కూడా మాత్రలు వాడుతున్నాను. రోజూ కనీసం అరగంట నడవమని డాక్టరుగారు వెళ్లినప్పుడల్లా చెబుతున్నా, బడి, వంట, పేపర్లు దిద్దుకోవడంతో వారంలో రెండు మూడు రోజులకు మించి సాగడం లేదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫిట్‌నెస్ వాచీ కొనిస్తానంటోంది. ముప్పై వేలు దాటిన వాచీ ఒకటి, మూడు వేల లోపు బ్యాండ్ ఒకటి చూపించింది. చవకదానిలో బీపీ, షుగరు కూడా తెలుస్తాయని ప్రకటనలో ఉంది. మావారు రెండేళ్లుగా అలాంటిదే పెట్టుకుంటున్నారు. పొద్దున లేవగానే నిద్రకు ఎన్ని మార్కులు వచ్చాయో చూసుకుని, తక్కువ వస్తే ఆ రోజంతా నీరసంగా ఉందంటారు. పదివేల అడుగులు పూర్తి కాలేదని రాత్రి పదింటికి హాల్లో చక్కర్లు కొడతారు. మన వివరాలన్నీ కంపెనీల చేతికి పోతాయని కూడా విన్నాను. ఇవన్నీ చూశాక నాకు ఇది అవసరమా అనిపిస్తోంది. కొనమంటారా, వద్దంటారా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: కొనమనే చెబుతాను, కానీ మీ అమ్మాయి చూపించిన రెండింటిలో ఏదీ వద్దు. ముప్పై వేల వాచీలో ఉన్న సదుపాయాల్లో మీకిప్పుడు పనికివచ్చేవి రెండో మూడో మాత్రమే. బీపీ, షుగరు కూడా చెబుతానంటున్న చవక బ్యాండ్ విషయానికి వస్తే, ఆ మాట చెప్పుకోవడమే దాన్ని పక్కన పెట్టడానికి తగిన కారణం. అడుగులు, గుండె వేగం చూపించి అంతటితో ఊరుకునే మామూలు బ్యాండ్లు కూడా అదే ధరలో దొరుకుతాయి. అలాంటిదాన్ని ఒక్క పనికి, కొన్ని నెలల పాటు వాడుకుంటే మీకు మేలు జరిగే అవకాశం ఉంది. ఆ పని ఏమిటో, దాన్ని దాటి ఆ బ్యాండ్ చెప్పే మాటలను ఎంతవరకు నమ్మవచ్చో కొంచెం వివరంగా రాస్తాను. మీరు లెక్కల టీచరు కనుక అంకెలు ఎక్కువైనా విసుక్కోరని అనుకుంటున్నాను.

మణికట్టుకు పెట్టుకునే ఈ పరికరాలు నిజంగా కొలిచేవి ప్రధానంగా రెండే. మొదటిది చేతి కదలిక. లోపలి యాక్సెలరోమీటర్ అనే చిన్న చిప్ చేయి మూడు దిశల్లో ఎలా ఊగుతోందో గమనించి, ఆ ఊపు నడక లయను పోలి ఉంటే దాన్ని అడుగుగా లెక్క వేస్తుంది. రెండోది నాడి. బ్యాండ్ అడుగున మిణుకుమనే ఆకుపచ్చ కాంతిని చర్మం కింది రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడి రక్తం పెరిగి తగ్గుతుంది కనుక తిరిగి వచ్చే కాంతిలోనూ ఆ హెచ్చుతగ్గులు కనిపిస్తాయి, వాటిని లెక్కపెట్టి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది. యాప్‌లో కనిపించే మిగతా అంకెల్లో చాలా భాగం, అంటే ఖర్చయిన క్యాలరీలు, నిద్ర దశలు, ఒత్తిడి స్కోరు లాంటివి, ఈ రెండింటికీ మీ వయసు, బరువు, ఎత్తు జోడించి కంపెనీ తన సొంత సూత్రంతో వేసిన అంచనాలు. ఆ సూత్రం ఏమిటో సాధారణంగా మనకు చెప్పరు.

అడుగుల లెక్క చేతి ఊపు మీద ఆధారపడినదే కాబట్టి, అందులోనూ తమాషాలు జరుగుతాయి. మీరు బోర్డు మీద పెద్ద లెక్క చేస్తూ నిలబడి ఉంటే ఆ చేతికున్న బ్యాండ్ కొన్ని అడుగులు వేసినట్టు రాసుకోవచ్చు. అదే మీరు తరగతి మొత్తం నోటు పుస్తకాల కట్టను రెండు చేతులా పొదివి పట్టుకుని మెట్లెక్కి స్టాఫ్‌రూమ్‌కు వెళితే, చేయి ఊగలేదు కనుక నిజంగా వేసిన అడుగులే కొన్ని దాని లెక్కలో పడకపోవచ్చు. భజనలో చప్పట్లు కొట్టినా, గుంతల రోడ్డు మీద స్కూటరు నడిపినా ఒక్కోసారి అడుగులు పెరుగుతాయి. సూపర్‌ మార్కెట్లో బండి తోసుకుంటూ ఎంత తిరిగినా తగ్గే కనిపిస్తాయి. రాయని చేతికి పెట్టుకుంటే ఈ తేడా కొంత తగ్గుతుంది.

గుండె వేగం విషయంలో ఇవి మెరుగు. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు రకాల పరికరాలను అరవై మంది చేతికి పెట్టి పరీక్షించినప్పుడు, ఆరింటిలో గుండె వేగపు తప్పు 5 శాతం లోపే ఉంది. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నింటికన్నా మెరుగైన పరికరం 27 శాతం, అన్నింటికన్నా అధ్వానమైనది 93 శాతం తప్పింది. పరికరాలు ఆ తరవాత బాగుపడ్డాయి, నిజమే. అయినా ఈ అంకెను పట్టుకుని ఆహారం నిర్ణయించుకోవడం, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి, మంచిది కాదు. మూడు వందల క్యాలరీలు ఖర్చయ్యాయని తెర మీద చూసి, ఆ ధైర్యంతో ఇంకో పెసరట్టు వడ్డించుకునేవారు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. వీలైతే యాప్‌లో ఆ అంకె కనిపించకుండా చేసుకోండి.

ఇన్ని తప్పులుంటే ఇక ఎందుకు కొనాలని మీరు అడగవచ్చు. ప్రతిసారీ వంద గ్రాములు ఎక్కువ చూపించే కాటా అసలు బరువు సరిగా చెప్పలేకపోయినా, నెలలో మీరు తగ్గారో పెరిగారో మాత్రం సరిగానే చెబుతుంది. బ్యాండ్ కూడా అంతే. అదే చేతికి, అదే బిగువుతో రోజూ పెట్టుకుంటే దాని తప్పు సుమారుగా ఒకే తీరున ఉంటుంది కనుక, మీ నిన్నటిని మీ ఇవాళ్టితో పోల్చుకోవడానికి అది చాలు. మావారికి ఎన్ని వచ్చాయి, నాకు ఎన్ని వచ్చాయి అన్న పోలిక మాత్రం, రెండు వేర్వేరు కంపెనీలవి అయితే మరీ, అర్థం లేనిది.

ఈ పోలికకు బలం ఉందని చెప్పడానికి ఆధారాలున్నాయి. నడుముకు తగిలించుకుని అడుగులు లెక్కపెట్టుకునే పాతకాలపు పెడోమీటర్లు వాడినవారి మీద వచ్చిన 26 అధ్యయనాలను కలిపి 2007లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో ఒక సమీక్ష ప్రచురించారు. పెడోమీటరు పెట్టుకున్నవారు పెట్టుకోనివారికన్నా రోజుకు సగటున దాదాపు 2,500 అడుగులు అదనంగా నడిచారని, రోజుకు ఇన్ని అని ఒక లక్ష్యం పెట్టుకోవడం అందులో ముఖ్యమైన అంశమని అది తేల్చింది. ఫోనుకు కలవని, రంగుల తెర లేని ఆ చిన్న డబ్బీయే అంత పని చేసినప్పుడు, మీ అవసరానికి ముప్పై వేలు ఎందుకని నా ప్రశ్న.

దీనికి ఎదురుగా నిలిచే అధ్యయనమూ ఒకటుంది. దాన్ని దాచిపెట్టి సలహా ఇవ్వడం న్యాయం కాదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు 18 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు ఉండి బరువు ఎక్కువున్న 471 మందిని తీసుకుని, అందరికీ ఆహార నియమాలు, వ్యాయామం, సలహాలు సమానంగానే ఇచ్చి, ఆరు నెలల తరవాత సగం మందికి చేతి పరికరం అందించారు. రెండేళ్లు పూర్తయ్యేసరికి పరికరం లేనివారు సగటున 5.9 కిలోలు తగ్గితే, ఉన్నవారు 3.5 కిలోలే తగ్గారు. ఆ ఫలితం 2016లో వెలువడింది. కారణం ఇదీ అని ఆ అధ్యయనం తేల్చలేదు కానీ, నా మటుకు నాకు ఒక అనుమానం ఉంది: లెక్క యంత్రం చూసుకుంటోంది కదా అన్న నిశ్చింత, ఇవాళ బాగా నడిచాం కదా అని తిండి దగ్గర ఇచ్చుకునే వెసులుబాటు, రెండూ అందులో పనిచేసి ఉంటాయి. అందుకే బరువు తగ్గడానికి అని చెప్పి ఎవరైనా బ్యాండ్ కొంటానంటే నేను పెద్దగా ప్రోత్సహించను. మీ సమస్య వేరు. నడవాలని మీకు తెలుసు, డాక్టరూ చెప్పారు, రోజు గడిచిపోతోంది. ఎన్ని రోజులు అలా గడిచిపోయాయో కళ్లకు కట్టినట్టు చూపే సాధనం మీకు లేదు. బ్యాండ్‌తో మీకున్న పని అదొక్కటే.

ఇక మీవారి పదివేల అడుగుల సంగతి రాశారు. ఆ సంఖ్య ఏ వైద్య పరిశోధనలోంచీ పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, యమాసా అనే జపాన్ కంపెనీ పెడోమీటరును అమ్మకానికి తెస్తూ దానికి పదివేల అడుగుల పేరు పెట్టింది. గుండ్రంగా, గుర్తుండేలా ఉన్న ఆ అంకె అప్పటి నుంచి ప్రపంచమంతా తిరిగి మీ హాల్లోకి వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం సగటు వయసు 72 ఉన్న సుమారు పదహారు వేల ఏడు వందల మంది అమెరికా మహిళలను గమనించి 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రోజుకు 2,700 అడుగుల దగ్గర ఉన్నవారికన్నా 4,400 నడిచినవారిలో మరణాలు గణనీయంగా తక్కువగా ఉన్నాయి. ఆ తగ్గుదల 7,500 అడుగుల దగ్గర ఆగిపోయింది. పదిహేను అధ్యయనాలను కలిపి 2022లో చేసిన విశ్లేషణలో అరవై దాటినవారికి 6,000 నుంచి 8,000 మధ్య, అంతకన్నా చిన్నవారికి 8,000 నుంచి 10,000 మధ్య లాభం నిలకడకు వచ్చినట్టు కనిపించింది. ఎక్కువ నడిచేవారు మొదటి నుంచే కొంత ఆరోగ్యవంతులై ఉండే అవకాశం ఉంది కనుక ఈ సంఖ్యలను కార్యకారణంగా పూర్తిగా తీసుకోలేమని మీకు నేను చెప్పనవసరం లేదు. అయినా బాగా తక్కువ నడిచేవారికి మొదటి రెండు వేల అడుగులు చేసే మేలు, ఎనిమిది వేలు నడిచేవారికి ఆఖరి రెండు వేలు చేసే మేలుకన్నా ఎక్కువన్న విషయం దాదాపు అన్నింటిలోనూ కనబడుతుంది.

కాబట్టి బ్యాండ్ వచ్చిన మొదటి వారం ఏ లక్ష్యమూ పెట్టుకోకండి, యాప్ పెట్టిన లక్ష్యాన్ని పట్టించుకోకండి. మామూలుగా మీ రోజు గడవనిచ్చి, ఏడు రోజుల సగటు తీయండి. ఆదివారానికీ బడి ఉన్న రోజుకూ ఎంత తేడా ఉందో విడిగా చూడండి. చాలామంది టీచర్ల విషయంలో సెలవు రోజు అంకె చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ సగటుకు వెయ్యి కలిపి, రెండు మూడు వారాలు అది నిలిచాక ఇంకో వెయ్యి కలపండి. ఆ అదనపు వెయ్యిని ఎప్పుడు నడుస్తారన్నది షుగరు ఉన్నవారికి ముఖ్యం, దాన్ని బ్యాండ్ లెక్కలోకి తీసుకోదు. భోజనం అయిన కాసేపటికి పది పదిహేను నిమిషాలు నడిస్తే, తిన్న తరవాత పెరిగే షుగరు కొంత అదుపులో ఉంటుంది కనుక, ఒకేసారి అరగంట దొరకని మీలాంటివారు రాత్రి భోజనం తరవాత ఒక విడత, మధ్యాహ్నం బడి ఆవరణలో ఒక విడత పెట్టుకోవచ్చు. మీ షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటిది ఉన్నా, ఇన్సులిన్ వాడుతున్నా, నడక పెంచే ముందు డాక్టరుకు చెప్పండి. షుగరు పడిపోయి చెమటలు, వణుకు వస్తే వెంటనే నోట్లో వేసుకోవడానికి నాలుగు చెంచాల గ్లూకోజు పొడో చక్కెరో దగ్గర ఉంచుకోవాలి; షుగరు పడిపోతోందని ఆ బ్యాండ్ మిమ్మల్ని హెచ్చరించదు.

ఎందుకు హెచ్చరించదంటే, సూది గుచ్చకుండా, చర్మాన్ని తాకే కాంతితో షుగరు కొలిచే వాచీ గానీ ఉంగరం గానీ తాము ఏదీ ఆమోదించలేదని, అలాంటివి వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పుడు అంకె చూసి మాత్ర ఎక్కువ వేసుకుంటే ప్రాణాపాయం రావచ్చన్నది వారి ఆందోళన. భుజం మీద అతికించుకునే సెన్సర్లున్నాయి; వాటి సన్నటి తీగ చర్మం కిందికి వెళ్లి నిజంగానే కొలుస్తుంది, ఆ ఫలితం వాచీ తెర మీద కనిపించవచ్చు. అక్కడ వాచీ ఆ అంకెను చూపించే అద్దం లాంటిది మాత్రమే. ప్రకటనల్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు కనుక జాగ్రత్తగా చదవాలి.

బీపీదీ ఇంచుమించు ఇదే కథ. కాంతితో బీపీ అంచనా వేసే శామ్‌సంగ్ లాంటి పెద్ద కంపెనీల వాచీలు కూడా నాలుగు వారాలకోసారి చేతికి పట్టీ కట్టే అసలు బీపీ యంత్రంతో సరిచూసుకోమంటాయి. ఒక్కసారి కూడా అలా సరిచూడమని అడగని బ్యాండ్ 120/80 చూపిస్తే, ఆ అంకెను ఎక్కడి నుంచి తెచ్చిందని అనుమానించాలి. దండచేతికి పట్టీ కట్టే ఆటోమేటిక్ యంత్రం రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. మీ అమ్మాయి దగ్గర మిగిలే డబ్బులో మొదటి ఖర్చు అది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూసుకున్న అంకెలను తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకుని వెళితే డాక్టరుగారికి అది ఏ యాప్‌కన్నా ఎక్కువ పనికొస్తుంది.

బీపీ మాత్రల గురించి ఇంకో మాట. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. బ్యాండ్లు చాలావరకు 220 లోంచి వయసు తీసివేసి, అంటే మీ గుండె గరిష్ఠ వేగం 166 అనుకుని, అందులో ఇంత శాతం చేరితేనే మంచి వ్యాయామం అంటాయి. ఆ మాత్ర వేసుకునేవారు ఎంత నడిచినా ఆ శాతం చేరకపోవచ్చు, చేరాలని పరుగెత్తడం ప్రమాదం. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఆయాసం రావాలి: ఆ వేగం చాలు.

ఖరీదైన వాచీని పూర్తిగా తీసిపారేయడం లేదు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బును కొన్ని వాచీలు పసిగట్టగలవు. దాన్ని పట్టుకోకపోతే పక్షవాతానికి దారి తీయవచ్చు. ఆపిల్ వాచీతో 4 లక్షల 19 వేల మందికి పైగా మీద జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, అర శాతం మందికి మాత్రమే అలాంటి హెచ్చరిక వచ్చింది. ఒంటరిగా ఉంటున్న డెబ్భై ఏళ్లవారికి, పడిపోతే ఫోను చేసే సదుపాయంతో కలిపి, ఆ ఖర్చుకు అర్థముంది. మీకు ఇప్పుడు లేదు. పైగా వాటిలో చాలావాటికి ఒకటి రెండు రోజులకే చార్జింగ్ పెట్టాలి, మామూలు బ్యాండ్ వారం దాటి నడుస్తుంది. ఒకటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి: ఆ వాచీల్లోని ఈసీజీ గుండెపోటును పట్టుకోలేదు, తయారుచేసినవారే ఆ మాట చెబుతారు. ఛాతీలో నొప్పి వస్తే వాచీ చూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి.

మీవారి నిద్ర మార్కుల గురించి అడగలేదు కానీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. నిద్ర పరీక్ష చేసే ల్యాబులో తలకు ఎలక్ట్రోడ్లు అతికించి మెదడు తరంగాలను చూసి గాఢనిద్ర ఎంతో, కలల నిద్ర ఎంతో చెబుతారు. మణికట్టు బ్యాండ్‌కు మెదడుతో సంబంధం లేదు. కదలడం లేదు, గుండె నెమ్మదించింది కనుక ఇది గాఢనిద్ర కావచ్చు అని ఊహిస్తుంది. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు అన్నంతవరకు అది పర్వాలేదు, దశల లెక్కను మాత్రం అంతగా నమ్మలేం. ఇంకా ఆసక్తికరమైన సంగతి, కొలరాడోలోని ఒక కళాశాలలో కొందరు విద్యార్థులకు ఏవో కొలతలు తీసినట్టు నటించి, మీకు నిద్ర సరిగా పట్టలేదని కొందరికి, బాగా పట్టిందని ఇంకొందరికి చెప్పి పరీక్ష పెట్టారు. నిజంగా ఎలా నిద్రపోయారన్న దానితో పెద్దగా సంబంధం లేకుండా, చెడ్డ నిద్ర అని విన్నవారు తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. 2014లో ప్రచురించారు దాన్ని. మీవారి నీరసంలో ఎంత భాగం రాత్రి నుంచి వచ్చిందో, ఎంత భాగం పొద్దున ఫోనులోంచి వచ్చిందో తేల్చుకోవాలంటే, ఒక రెండు వారాలు పడుకునే ముందు బ్యాండ్ తీసి చార్జింగ్‌లో పెట్టమనండి. వాదనకు దిగకండి, రెండేళ్లు అలవాటైన వస్తువును భార్య మాట మీద మానేసిన మగవారు అరుదు, ఆ సలహా డాక్టరుగారి నోట వచ్చేలా చూడగలిగితే పని సులువవుతుంది. ఆయన గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతుంటే గానీ, పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తుంటే గానీ, స్కోరు తొంభై వచ్చినా సరే నిద్ర పరీక్ష చేయించాలి.

వివరాలు కంపెనీల చేతికి పోతాయన్న భయం నిరాధారం కాదు. వ్యాయామం చేసేవారు నడిచిన దారులను పటంగా చూపించిన స్ట్రావా అనే యాప్ వల్ల సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయని 2018లో గోల జరిగింది. ఇలాంటి బ్యాండ్లు తయారుచేసే ఫిట్‌బిట్ కంపెనీ 2021లో గూగుల్ చేతికి వెళ్లింది. మీరు ఒకరిని నమ్మి ఇచ్చిన వివరాలు రేపు ఇంకొకరి దగ్గర ఉండవచ్చని అది గుర్తు చేస్తుంది. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కానీ, చట్టం వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. యాప్ పెట్టేటప్పుడు అడుగుల లెక్కకు అక్కర్లేని కాంటాక్టులు, మెసేజీలు, మైకు అనుమతులు ఇవ్వకండి, వాడటం మానేసిన రోజు ఖాతాను కూడా తొలగించండి. అడుగులు చూపిస్తే ప్రీమియం తగ్గిస్తామనే బీమా పథకాలు ఎదురైతే, నిబంధనలు పూర్తిగా చదివేవరకు బ్యాండ్‌ను దానికి కలపకండి.

గాజులున్న చేతికి బ్యాండ్ పెడితే అవి దాన్ని కిందికి నెట్టి సెన్సరును చర్మం నుంచి ఎడం చేస్తాయి, తెర మీద గీతలూ పడతాయి. మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, కదలకుండా, అలాగని అచ్చు పడకుండా పెట్టుకోవాలి. చెమటకు కింద దురద, ఎరుపు వస్తే షుగరు ఉన్నవారు నిర్లక్ష్యం చేయకూడదు. రోజూ తీసి చర్మాన్ని, పట్టీని కడిగి ఆరబెట్టండి.

మూడు నాలుగు నెలలు గడిచి, భోజనం తరవాత నడక తనంతట తానే సాగుతుంటే బ్యాండ్‌ను అల్మరాలో పెట్టేయవచ్చు, డబ్బు దండగైందని బాధపడనక్కర్లేదు. అప్పటికీ అంకె మొదటి వారం సగటు దగ్గరే ఉంటే ఇంకా ఖరీదైనది కొనడం మందు కాదు. బడి నుంచి వచ్చాక ఇంటి పనిలో ఏ అరగంటను ఎవరు పంచుకోగలరో మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం అవుతుంది. అమ్మాయి దగ్గర ఇంకా మిగిలే డబ్బుతో నడకకు మంచి బూట్లు కొనిపించుకోండి. వాటిని సాయంత్రం పూట కొనండి. పగలంతా నిలబడి పాఠం చెప్పిన పాదం అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటుంది, ఆ కొలతకు ఇరుకు కానివైతేనే షుగరు ఉన్నవారి కాలికి పుండ్లు పడకుండా ఉంటాయి.